కొండ నుంచి కొండకు మాట
(మన సంఘము ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము, పద్యాలు, పిల్లల నాటిక అయిన తరువాత రైల్వే గుమాస్తాలను లేపి శాస్త్ర విషయము మీద మాట్లాడమనడము మన కార్యవర్గమువారి ధైర్యము. మేము చదివినది మెట్రిక్కు వరకే. అయినా ఒప్పుకున్నాము. ఎందుకంటే ఇక్కడ వున్న మనమందరమూ ఆదివారము సాయంత్రము ఇంటికి ఫోను చేసేవాళ్లమే. అవతల నుంచి ముసలివాళ్లు "ఏమబ్బా, ఇనపడల్యా?" అని నాలుగుమార్లు అరిచి, అయిదోమారు లైను తెగిపోయి, పంపిన డబ్బు చేరిందో లేదో, జ్వరము తగ్గిందో లేదో తెలియకుండానే అన్నానికి కూర్చునేవాళ్లమే. ఆ మాట ఎక్కడ తెగుతున్నది, ఎందుకు తెగుతున్నది, దానికి మందు ఏమన్నా వున్నదా అన్నదే ఈ ప్రసంగము.

మా స్వస్థలము తుమకూరు జిల్లా పావగడ తాలూకా. కోస్తా నుంచి వచ్చినవారికి ఈ పేరు కొత్త కావచ్చును. పటము విప్పి చూస్తే కర్ణాటకలోని ఈ ముక్క ఆంధ్రదేశములోకి చొచ్చుకొని వున్నట్లు కనిపిస్తుంది. చుట్టూ చాలావరకు పాత అనంతపురము జిల్లాయే. కచేరీలో కన్నడము, ఇంట్లో తెలుగు. రాతి గుట్టలు, మెట్ట పొలాలు, ఏటేటా కరువు. మా చిన్నతనములో రైలెక్కాలంటే హిందూపురమో పెనుకొండో పోవలసిందే. ఇప్పుడు పావగడ పేరు దేశమంతా తెలిసింది. వాన వల్ల కాదు, ఎండ వల్ల. తిరుమణి, వల్లూరు, బళసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే అయిదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలలో సూర్యరశ్మి విద్యుత్తు కేంద్రము పెట్టారు. 2018లో మొదటి భాగము ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్లు పూర్తి అయింది. భూమి రైతు పేరనే వున్నది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టి, రెండేళ్లకొకసారి కొంత పెంచేటట్లు ఒప్పందము. ఊళ్ల పేర్లలో చెరువులున్నవి, ఊళ్లలో అద్దాలున్నవి అని మావాళ్లు నవ్వుతూ వుంటారు.

ఈ ఆకాశము సంగతి కొంచెము జ్ఞాపకము వుంచుకోండి. దానితో పని వున్నది.

మాట పోవడానికి మూడు బాటలున్నవి. ఒకటి తీగ, అది రాగిదైనా కావచ్చు, ఈ కాలములో భూమిలో పూడ్చే గాజుదారమైనా కావచ్చు. తీగ అన్నిటికంటే నమ్మకమైనది. కాని రాతినేలలో గోయి తవ్వాలి, దారిలో ప్రతివాడి అనుమతి కావాలి, తరువాత ఎవరో రోడ్డు వెడల్పు చేస్తూ ఒక్క పార పోటుతో తెంచివేస్తారు. రెండవది రేడియో. మూడవది వెలుగు, అనగా తీగ లేకుండా గాలిలోనే లేజరు కిరణము ఒక స్తంభము మీద నుంచి మరొక స్తంభము మీది అద్దానికి కొట్టడము.

వెలుగుతో వార్త పంపడము కొత్త సంగతి కాదు. 1869లో హెన్రీ మాన్స్ అనే ఆయన అద్దముతో సూర్యకాంతిని కొట్టి వార్త పంపే హీలియోగ్రాఫును తయారుచేస్తే, భారత సైన్యము దానిని అఫ్గన్ కొండలలో వాడింది. టెలిఫోను గ్రాహంబెల్ 1880లో తన సహచరుడు టెయింటరుతో కలిసి ఎండ కిరణము మీద మనిషి గొంతునే సుమారు 200 మీటర్ల దూరము పంపాడు. టెలిఫోనుకంటే అదే గొప్ప పని అని ఆయన అనుకునేవాడట. మబ్బు పట్టగానే మాట ఆగిపోయింది గనుక లోకము దానిని పక్కన పెట్టింది.

మళ్లీ ఈ కాలములో అది లేచి వచ్చింది, అదీ మన పొరుగునే. గూగులు కుటుంబములోని ఎక్స్ అనే ప్రయోగశాలవారు బెలూన్లను ఆకాశములో ఎగురవేసి ఇంటర్నెట్టు ఇవ్వాలని లూన్ అనే ప్రయత్నము చేశారు. బెలూను నుంచి బెలూనుకు మాట పంపడానికి లేజరు వాడి చూశారు. ఆ విద్యనే నేలమీదకు దించి, 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థతో ఒప్పందము చేసుకొని, గోతులు తవ్వలేని చోట్ల 2,000 వెలుగు లంకెలు వేస్తామని ప్రకటించారు. బెలూన్ల పని 2021లో మూతపడింది. వెలుగు పని మాత్రము తారా అనే పేరుతో బతికి, 2025లో విడి కంపెనీ అయింది. రోడ్డు మీది సిగ్నలు దీపమంత పెట్టె. 20 కిలోమీటర్ల వరకు, సెకనుకు 20 గిగాబిట్ల వరకు పంపుతుందని వారి లెక్క.

దాని పనితనము లోకానికి తెలిసింది ఆఫ్రికాలో. కాంగో నదికి అటు బ్రాజవిల్, ఇటు కిన్షాసా. నది అడ్డముగా 4.8 కిలోమీటర్లు. తీగ వేయాలంటే చుట్టూ తిరిగి 400 కిలోమీటర్లు దాటి పోవాలి. 2021లో నది మీదుగా కిరణము వేసి, 20 రోజులలో దాదాపు 700 టెరాబైట్ల సమాచారము దాటించారు. నూటికి 99.9 వంతుల కాలము పనిచేసింది. అంటే ఆ ఇరవై రోజులలో ఆగినది అరగంట లోపే.

ఇది విని పావగడకూ రెండు పెట్టెలు తెచ్చిపెడితే సరి అనుకోవద్దు. ప్రతి బాటకూ శత్రువు వున్నాడు.

వెలుగుకు శత్రువు మంచు. లేజరు తరంగము పొడుగు మిల్లీమీటరులో వెయ్యోవంతు, ఒకటిన్నర వంతు. మంచు బొట్లు అంతకు కొద్దింతలు మాత్రమే పెద్దవి. అందుచేత వెలుగును నాలుగు దిక్కులా చిమ్మివేస్తవి. 200 మీటర్ల అవతల మనిషి కనిపించనంత మంచు కమ్మితే కిలోమీటరు పోయేసరికి పదిలక్షలలో ఒక వంతు వెలుగైనా మిగలదు. రేడియోకు ఆ మంచు లెక్కలోనిది కాదు. రేడియోలోనే మిల్లీమీటరు తరంగాలు అని వున్నవి, మన జగదీశచంద్ర బోసు 1895లో కలకత్తా టౌనుహాలులో చూపించిన జాతివి. వాటి పొడుగు వానచినుకు పరిమాణానికి దగ్గర. గంటకు 25 మిల్లీమీటర్ల జోరువాన కురిస్తే, 75 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరుకు పదిలో ఒక వంతు మాత్రమే మిగులుతుంది. వాన వెలుగునూ కొంత తగ్గిస్తుంది గాని, మంచు చంపినట్లు చంపదు. ఇక ఇళ్లలోని వైఫైకి వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు వానా లెక్కలేదు, మంచూ లెక్కలేదు.

కనుక పెద్దలు చెప్పే ఉపాయము, రెండూ పెట్టమని. వెలుగు బాగున్నంతసేపు వెలుగు. అది తగ్గితే రేడియో. ఇది రైల్వేవారికి పాత విద్య. మంచు కురిసిన రాత్రి సిగ్నలు దీపము కనిపించదు గనుక సిగ్నలుకు ముందే పట్టాల మీద డిటొనేటర్లు, టపాకాయల వంటివి, పెట్టే పద్ధతి వున్నది. చక్రము కింద పేలగానే సిగ్నలు దగ్గరపడిందని డ్రైవరుకు తెలుస్తుంది. కంటికి అందనిది చెవికి అందుతుంది. రెండు దీపాలు పెట్టినంత మాత్రాన ఈ ఫలితము రాదు, ఒకే మంచు రెండింటినీ మింగుతుంది.

మా తాలూకాలో మంచు తక్కువ, వాన తక్కువ, గుట్టలు ఎక్కువ. గుట్ట మీద నుంచి గుట్టకు కిరణము కొట్టడానికి ఇంతకంటే వీలైన నేల ఏమున్నది? ఒక్కటే బెడద, మధ్యాహ్నపు ఎండ. కాలిన రాతి మీద గాలి వణుకుతుంది. ఎండమావి మీరందరూ చూసినదే. ఆ వణుకులో కిరణము కూడా వణికి, సెకనులో వెయ్యోవంతుల సేపు వెలిగీ ఆరీ చేస్తుంది. పెట్టెను నేలకు ఎత్తుగా పెట్టడము, అందుకునే అద్దాన్ని వెడల్పు చేయడము, గురి తప్పకుండా సర్దుకునే చిన్న అద్దాలు, పోయిన అక్షరాలను లెక్కకట్టి తిరిగి రాబట్టే పద్ధతి, వీటితో దానిని చాలావరకు అదుపు చేస్తారు. ఇదంతా ఇంజనీర్ల పని, వారు చేసుకోగలరు.

మా భయము వెలుగు గురించి కాదు. కొండ దిగిన తరువాత వచ్చే చివరి మజిలీ గురించి.

గుట్ట మీదకు వచ్చిన మాట ఊళ్లోని అవ్వ చేతిలో ఫోనుకు చేరవలసింది రేడియో మీదనే. అక్కడ శత్రువు మంచూ కాదు, వానా కాదు, తోటి రేడియోలు. ఇంటర్‌ఫియరెన్సు అని దీనికి పేరు. మనము గోల అందాము. ఒకే తరంగము మీద ఇద్దరు మాట్లాడితే వినేవాడికి ఇద్దరూ అర్థము కారు. సరిహద్దు పల్లెలలో ఇది మరీ ఎక్కువ. టెలిఫోనువారి లెక్కలో కర్ణాటక ఒక మండలము, ఆంధ్రప్రదేశ్ తెలంగాణలు కలిసి మరొక మండలము. తరంగానికి పొలిమేర రాయి కనిపించదు గదా. పొలములో నిలబడిన మావాళ్ల ఫోను ఒక అడుగు ముందుకు వేస్తే అవతలి స్తంభాన్ని పట్టుకుంటుంది, వెనక్కు వేస్తే ఇవతలిది. రెండూ ఒకదానిని మరొకటి చెరుపుతూ వుంటవి. లైసెన్సు అక్కరలేని బాటల సంగతి సరేసరి. 2.4 గిగాహెర్ట్జ్ 2005లోనూ, 5 గిగాహెర్ట్జ్ ప్రాంతములో పెద్ద భాగము 2018లోనూ అందరికీ తెరిచారు. అది మంచిదే, కాని అందరిదీ అయిన వీధిలో అందరూ బళ్లు నిలుపుతారు.

గోలకు మందు గట్టిగా అరవడము అని చాలామంది నమ్మకము. స్తంభము బలము పెంచండి అని అర్జీలు పెడతారు. పావగడ శనేశ్వరస్వామి గుడి దగ్గర శనివారము నాడు చూడండి. తప్పిపోయిన పిల్లవాడిని ఒక తల్లి పిలుస్తుంది. పక్కన మరొక తల్లి ఇంకా గట్టిగా పిలుస్తుంది. అందరూ గొంతు రెట్టింపు చేస్తే ఎవరి మాటా రెట్టింపు వినపడదు. ముఖ్యము గొంతు బలము కాదు, గొంతుకూ గోలకూ వుండే నిష్పత్తి.

దీనికి లెక్క వున్నది. క్లాడ్ షానన్ అనే అమెరికా గణితజ్ఞుడు 1948లో ఇచ్చినది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పుగల బాటలో మన సంకేతము గోలకు రెండింతలు వున్నదనుకోండి. సెకనుకు 32 మెగాబిట్లకు మించి ఏ యంత్రమూ పంపలేదు. మన స్తంభము, పక్క స్తంభము రెండూ బలము రెట్టింపు చేసినవి. నిష్పత్తి అదే రెండు, ఫలితము అదే 32, కరెంటు ఖర్చు మాత్రము రెట్టింపు. అదే గోలను సగానికి తగ్గిస్తే 46 అవుతుంది. కొండ మీద వెలుగు పెట్టె 20,000 మెగాబిట్లు మోసుకొని వచ్చి నిలబడితే, ఊరు ఊరంతా పంచుకునేది ఈ 32. తాలూకా కేంద్రము దాకా నాలుగు వరుసల రోడ్డు వేసి, ఊరి లోపలి సందులో ఎడ్లబండి అడ్డము పడితే రోడ్డు వెడల్పు ఎవరికి? ప్రారంభోత్సవము నాడు పత్రికలో పడేది 20,000. అవ్వకు వినపడేది మాత్రము సందును బట్టి.

ఇక మజిలీల సంగతి. దూరము ఎక్కువైతే నడుమ నడుమ స్తంభాలు పెట్టి, ఒకటి అందుకొని మరొకదానికి అందించాలి. అందించడములో రెండు రకాలున్నవి. మొదటిరకము, వచ్చినదానిని వచ్చినట్లే బలము పెంచి పంపడము. ఇది చవక, ఆలస్యము లేదు. కాని మాటతోపాటు గోల కూడా బలము పుంజుకొని ముందుకు పోతుంది. పిల్లలు వరుసగా కూర్చొని చెవిలో మాట చెప్పుకునే ఆట ఆడతారు గదా, మొదటివాడు చెప్పినది చివరివాడి దగ్గరకు వచ్చేసరికి ఏమవుతుందో తెలిసినదే. రెండవరకము, వచ్చినదానిని విప్పి, చదివి, తప్పు దిద్ది, కొత్తగా రాసి పంపడము. స్టేషను మాష్టర్లు చేసేది ఇదే. అవతలి స్టేషను నుంచి బండి సంగతి చెప్పగానే ఇవతలివారు తిరిగి చదివి వినిపించి, ప్రైవేటు నెంబరు ఇచ్చి పుచ్చుకొని, పుస్తకములో రాసుకున్న తరువాతనే పని జరుగుతుంది. కొన్ని క్షణాలు ఆలస్యము. అయినా తప్పు ఒక స్టేషనులోనే ఆగిపోతుంది, ముందుకు ప్రయాణము చేయదు. గోల వున్న రేడియో మజిలీ తరువాత వెలుగు మజిలీ వచ్చే చోట ఈ రెండవ పద్ధతే మేలని మా అభిప్రాయము. లేకపోతే గోలను కూడా లేజరు మీద ఎక్కించి భద్రముగా పట్నానికి చేర్చినట్లే.

రైల్వేలో 2020లో జాతీయ పద్ధతిగా స్వీకరించిన కవచ్ కూడా ఇటువంటిదే. స్టేషనుల మధ్య గాజుతీగ, స్టేషను నుంచి ఇంజనుకు రేడియో. అందులో మాకు నచ్చినది ఒకటున్నది: మాట అందకపోతే అందినట్లు అనుకొని సాగిపోవడము వుండదు.

పిల్లలు కాగితము మీద చేయగల లెక్క ఒకటి. నూరు గంటలలో 99 గంటలు బాగా పనిచేసే మజిలీ అంటే మంచిదే అనుకుంటాము. అటువంటివి అయిదు వరుసగా పెడితే మొత్తము బాట నూటికి 95 గంటలే పనిచేస్తుంది. ఏడాదిలో 8,760 గంటలకు సుమారు 430 గంటలు, దగ్గరదగ్గర 18 రోజులు, మాట లేదు. ఇప్పుడు అదే బాటకు తోడుగా, అంతే నాణ్యముగల మరొక బాట పెట్టి, ఒకటి పడితే మరొకటి ఎత్తుకునేట్లు చేస్తే, రెండూ ఒకేసారి పడేది నాలుగువందలలో ఒక వంతు. ఏడాదికి 22 గంటలు. ఎంత తేడా!

అయితే ఈ లెక్కలో ఒక మెలిక వున్నది. రెండు బాటలూ వేరువేరు కారణాలకు పడాలి. వెలుగు పెట్టె, రేడియో పెట్టె ఒకే స్తంభము మీద, ఒకే బ్యాటరీకి తగిలించి వుంటే, బ్యాటరీ చచ్చిన రాత్రి రెండూ కలిసే చస్తవి. 22 గంటల లెక్క కాగితము మీదనే వుంటుంది. 2,050 మెగావాట్లు పుట్టించే తాలూకాలో బ్యాటరీ లేక మాట ఆగిందంటే వినడానికి సిగ్గుగా వుండదా? మా బంధువుల ఊళ్లో జరిగినది అదే. స్తంభము కొత్తది. ఏ కంపెనీవారిదో పేరు అక్కరలేదు. కరెంటు పోయిన గంటకు స్తంభము కళ్లు మూసేది. ఒక పెద్దాయనకు రాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు, 108కు ఫోను కలవక, కొడుకు మోటారుసైకిలు మీద గుట్ట దాకా పోయి అక్కడ నిలబడి పిలిచాడు. బండి వచ్చింది, పెద్దాయన బతికాడు. గుట్ట దాకా పోగల కొడుకు ఇంట్లో వున్నాడు కాబట్టి. మన ఇళ్లలో కొడుకులు ఎక్కడున్నారో ఈ సభను చూస్తే తెలుస్తుంది.

బాట మార్చడములో కూడా తెలివి కావాలి. వెలుగు ఇంతకు తగ్గితే రేడియోకు మారు అని ఒకే గీత గీస్తే, ఎండమావి వేళ గీతకు అటూ ఇటూ ఊగి, నిమిషానికి పదిమార్లు మారి, ఏ బాట మీదా మాట సాగదు. దిగడానికి ఒక గీత, తిరిగి ఎక్కడానికి దానికంటే పైన మరొక గీత వుండాలి. ఇది చిన్న సంగతే, కాని దీనివల్లనే మంచి యంత్రము చెడ్డపేరు తెచ్చుకుంటుంది.

గోలను తగ్గించడానికి మార్గాలు అన్నీ తెలిసినవే. పక్కపక్క స్తంభాలకు వేరువేరు తరంగాలు ఇవ్వడము. నలుదిక్కులా చిమ్మే యాంటెన్నా బదులు ఊరివైపే చూసేదానిని కొంచెము కిందికి వంచి పెట్టడము. ఒకరు మాట్లాడేటప్పుడు మరొకరు ఊరుకునే వంతులు. నడుమ మజిలీలను వీలైనన్ని వెలుగు మీదకు మార్చి, రేడియో తరంగాలను ఊళ్ల కోసము మిగల్చడము. ఈ చివరిదానిలోనే వెలుగు చేసే అసలు ఉపకారము వున్నదని మేము అనుకుంటున్నాము. వేగము గొప్ప కాదు. అది రేడియోతో పోట్లాడదు, రేడియోకు చోటు వదిలిపెడుతుంది. వంతుల సంగతికి మాత్రము యంత్రాలు చాలవు. రెండు మండలాలవారు, ఇద్దరు ముగ్గురు కంపెనీలవారు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. ఒక బ్లాకు సెక్షనులో ఒకసారికి ఒకే బండి అని రైళ్లకు ఒప్పుకున్న మనుషులు తరంగాలకు ఒప్పుకోలేరా?

మనము చేయగలిగినది ఏమిటి అంటే, సెలవులకు ఊరికి పోయినప్పుడు గ్రామసభలో అడగడము. "ఎంత వేగము?" అని మాత్రము అడగవద్దు, దానికి జవాబు వారి దగ్గర అచ్చువేసి సిద్ధముగా వుంటుంది. చివరి మజిలీలో, సంత రోజు సాయంత్రము ఏడు గంటలకు, ఎంత వస్తుందని అడగండి. రెండవ బాట వున్నదా, అది మొదటిదానితో ఒకే స్తంభమా, ఒకే బ్యాటరీయా అని అడగండి. కరెంటు పోతే ఎన్ని గంటలు నిలుస్తుంది, పాడైతే నిచ్చెన ఎక్కేవాడు హిందూపురము నుంచి రావాలా, తుమకూరు నుంచి రావాలా, ఊళ్లోనే వున్నాడా అని అడగండి. రేషను బియ్యానికి వేలిముద్ర పెట్టి, మిషను తిరగక, ఎండలో మళ్లీ మళ్లీ వేలు తుడుచుకునే ముసలమ్మ తరఫున అడుగుతున్నామని చెప్పండి.

వచ్చే నెలలో మావాళ్ల ఊరి జాతరకు పోతున్నాము. ఈ ప్రశ్నలు తెలుగులోనూ కన్నడములోనూ ఒక కాగితము మీద రాసుకున్నాము. ప్రతులు కావలసినవారు సభ అయిన తరువాత పులిహోర పంచే బల్ల దగ్గర తీసుకోవచ్చును. అధ్యక్షులవారు గడియారము చూస్తున్నారు. సెలవు.